సందు లేని చట్టాలు: రేపటి శాసనకర్తలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

మీరెవరో నాకు తెలియదు. మీలో కొందరు ఇప్పుడు బడిలో ఉండొచ్చు, కొందరు ఇంకా పుట్టి కూడా ఉండకపోవచ్చు. 2050 ప్రాంతంలో, ప్రపంచంలో ఏదో ఒక చట్టసభలో కూర్చుని, ముందున్న బిల్లుకి చెయ్యెత్తబోయే వాళ్లకి రాస్తున్నాను. ఇప్పుడు కూర్చున్నవాళ్లకే రాయొచ్చు కదా అంటారేమో. రాశాను. అందినట్టు రసీదు వచ్చింది.

నేను లిబర్టేరియన్ని. స్వేచ్ఛావాది అనొచ్చు గానీ, ఆ మాట వినగానే ఎవడో అదుపాజ్ఞల్లేని మనిషి అనుకునేవాళ్లున్నారు. నా నమ్మకం చిన్నది. ఇంకొకరి ఒంటి జోలికీ సొత్తు జోలికీ పోనంతవరకు మనిషిని అతని మానాన వదిలెయ్యాలి. బలవంతం చెయ్యదలచినవాడు ఎందుకో చెప్పుకోవాలి, నన్ను వదిలెయ్యమన్నవాడు కాదు. మావాళ్లలో ఈ మాటని ప్రభుత్వమే అక్కర్లేదనేంత దాకా లాగేవాళ్లున్నారు. నేనంత దూరం పోను. పోలీసు ఉండాలి, కోర్టు ఉండాలి, మాట తప్పినవాడిని నిలదీసే ఏర్పాటు ఉండాలి. అంతకు మించి ఏం కావాలన్నా అడిగినవాళ్లే గట్టి కారణం చూపాలి.

ఇవన్నీ పాత వాదాలే, వీటికోసం మీకు ఉత్తరం అక్కర్లేదు. కొత్తగా వచ్చిపడుతున్న సంగతి ఇంకొకటుంది. అది మా కాలంలో మొదలైంది, మీ కాలానికి పూర్తవుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక కాగితం కోసం ఒక ఆఫీసుకి వెళ్లాను. నా పేరు ఒక పత్రంలో ఒకలా ఉంది, ఇంకో పత్రంలో ఒక అక్షరం తక్కువగా ఉంది. కిటికీ అవతలి గుమస్తా కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తలెత్తి నా మొహం చూశాడు. "రాసినవాడెవడో ఓ అక్షరం మింగేశాడు లెండి" అని ముద్ర కొట్టి ఇచ్చేశాడు. నిబంధన ప్రకారం ఆయన అలా చెయ్యకూడదు. మొన్నీమధ్య అదే కాగితం మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. ఈసారి కిటికీ లేదు, గుమస్తా లేడు. తెర మీద ఎర్రటి అక్షరాలు: "వివరాలు సరిపోలలేదు." మళ్లీ కొట్టాను. సరిపోలలేదు. సహాయం అన్నచోట నొక్కితే, "మీ సమస్య అర్థమైంది" అంటూ మర్యాదగా మొదలుపెట్టి, నాలుగు ప్రశ్నలడిగి, తిప్పి తిప్పి మొదటి పేజీకే తెచ్చి వదిలింది. నిబంధన అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. దానికీ నాకూ మధ్య ఉండే మనిషి మాత్రం లేడు.

ఆ కిటికీ దగ్గరే లంచం కూడా పుట్టిందని మీరు గుర్తుచేస్తారు. నిజమే. తనవాళ్లకి ముద్ర కొట్టి కానివాళ్లని తిప్పించుకున్న గుమస్తాలూ ఉన్నారు. కిటికీని నేను పూజించడం లేదు. కానీ చట్టాల పుస్తకాలు అంతంత లావున ఉన్నా జనం ఊపిరి తీసుకోగలిగారంటే, అవి పూర్తిగా అమలు కాకపోబట్టే. అమెరికాలో 1982 ప్రాంతంలో న్యాయశాఖ ఒక అధికారి చేత ఫెడరల్ చట్టాల్లో ఎన్ని నేరాలున్నాయో లెక్కపెట్టించింది. రెండేళ్లు తంటాలు పడి, సుమారు 3,000 అని అంచనా చెప్పి వదిలేశారు. రాసినవాళ్లకే లెక్క తెలియని నేరాలు చెయ్యకుండా బతకడం ఎవరి తరం? చూసీ చూడనట్టు పోయే కానిస్టేబులు, ఓపిక లేని ఇన్‌స్పెక్టరు, దుమ్ముపట్టిన ఫైలు, వీటి పుణ్యమా అని బండి నడిచింది. ఇప్పుడు కెమెరాకి ఓపిక నశించదు. ప్రోగ్రాముకి నిద్ర రాదు. మీరు రాసే చట్టాలు, చరిత్రలో మొదటిసారి, అక్షరం పొల్లుపోకుండా అమలవుతాయి.

మంచిదే కదా అనిపిస్తుంది. తప్పుడు చట్టం ఎలా బయటపడుతుందో గుర్తు తెచ్చుకునేవరకు మాత్రమే.

బ్రిటన్‌లో 1865లో ఒక చట్టం చేశారు. గుర్రాలు లేకుండా తనంత తాను నడిచే బండి ఊళ్లలో గంటకు 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు దాటకూడదు. బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. జెండా నిబంధనని 1878లో సడలించారు గానీ వేగం హద్దు అలాగే ఉండిపోయింది. 1896 జనవరిలో కెంట్‌లోని పాడక్ వుడ్ అనే చోట వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన, కార్ల వ్యాపారి, 2 మైళ్ల హద్దున్న రోడ్డు మీద 8 మైళ్ల వేగంతో పోతుంటే, ఒక కానిస్టేబులు సైకిలెక్కి తరిమి పట్టుకున్నాడు. వేగానికి పడిన జరిమానా ఒక షిల్లింగు. అదే ఏడు నవంబరు నుంచి హద్దు 14 మైళ్లయింది. ఒక్కసారి తిరగేసి ఊహించండి. 1870లోనే ప్రతి బండికీ వేగం దాటనివ్వని మర బిగించి ఉంటే? 8 మైళ్ల వేగంతో పోతే ఏమవుతుందో చూసినవాడు ఒక్కడూ ఉండడు. ఏమీ కాదని తెలిసే మార్గమే లేదు. 2 మైళ్లు న్యాయమేనని జనమంతా నమ్మి ఉండేవారు.

ఇంతకంటే గుండె పట్టేసే ఉదాహరణ చైనాలో ఉంది. 1978 చివర్లో అన్హుయ్ రాష్ట్రంలో షియావోగాంగ్ అనే ఊళ్లో 18 మంది రైతులు రాత్రిపూట ఒక ఇంట్లో చేరారు. ఊరి భూమంతా సమష్టిది, ఆకలి మాత్రం ఎవరిది వారిది. భూమిని ఇళ్లవారీగా పంచుకుని, సర్కారుకి ఇవ్వాల్సింది ఇచ్చి, మిగిలింది ఎవరికి వారు ఉంచుకుందామని ఒక కాగితం రాసుకున్నారు. ఇది బయటపడి ఎవరినైనా జైల్లో పెడితే వాళ్ల పిల్లలకి 18 ఏళ్లొచ్చేదాకా మిగతావాళ్లు సాకాలని కూడా రాసుకున్నారు. కింద ఎర్ర సిరాతో వేలిముద్రలు. మరుసటి ఏడు పంట అంతకుముందు ఏళ్లతో పోలిక లేనంతగా పండింది. సంగతి పైవాళ్ల దాకా పోయింది. అప్పటికి గాలి మారుతూ ఉండబట్టి శిక్షించలేదు. ఆ పద్ధతే కొన్నేళ్లలో దేశమంతా వ్యాపించింది. ఆ వేలిముద్రలు నేరమే. దాన్ని ఉపగ్రహం నాట్లనాడే కనిపెట్టి ఉంటే ఎవరికి మేలు జరిగేది?

ఇక్కడ మార్కెట్టు కావాలా, సర్కారు లెక్క చాలా అన్న ఒక పాత తగువు మళ్లీ తలెత్తుతుంది. 1920లో లుడ్విగ్ ఫాన్ మీసెస్ అనే ఆస్ట్రియా ఆర్థికవేత్త ఒక మాటన్నాడు. సొంత ఆస్తి, బేరసారాలు లేనిచోట ధరలుండవు, ధరల్లేనిచోట దేన్ని దేనికి వాడాలో లెక్క తేలదు అని. ఆయన బాటలోనే 1945లో హయెక్ అనే ఇంకో ఆర్థికవేత్త మరో అడుగు వేశాడు. ఆర్థిక వ్యవస్థ నడవడానికి కావలసిన తెలివి ఒకచోట లేదు, కోట్లమంది దగ్గర తునకలు తునకలుగా ఉంది, దాన్ని పోగేసేది ధర అన్నాడు. దానికి ఆస్కార్ లాంగే అనే పోలండ్ ఆర్థికవేత్త 1960ల్లో జవాబు చెప్పాడు. ఆ లెక్క కంప్యూటరుకి ఇస్తే చిటికెలో తేల్చేస్తుంది, ఇక మార్కెట్టుతో పనేముంది అని. అప్పటి కంప్యూటరు దగ్గర ఆ మాట హాస్యం. మీ కాలపు యంత్రాల దగ్గర హాస్యం కాదు. ఎవరో ఒకరు మీ సభలో లేచి, ఇప్పుడు నిజంగానే అన్నీ లెక్కగట్టొచ్చు, ఎవరికేం కావాలో మనకి ముందే తెలుసు అంటారు. అన్నరోజున ఆ 18 మందిని తలచుకోండి. పొలం తమదైతే తామెంత పండించగలరో 1978 దాకా ఆ రైతులకే తెలియదు. లేని సమాచారాన్ని ఏ యంత్రం సేకరిస్తుంది? మనిషి ఎంచుకున్నాకే ఆ తెలివి పుడుతుంది.

ఇక డబ్బు. మావాళ్లు గంటలు గంటలు మాట్లాడే విషయం ఇది, నేను తొందరగానే ముగిస్తాను. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకి బదులుగా బంగారం ఇవ్వడాన్ని "తాత్కాలికంగా" ఆపుతున్నానన్నాడు. ఆ తాత్కాలికం ఇంకా నడుస్తోంది. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలైనప్పుడు మావాళ్లు పండగ చేసుకున్నారు. 2 కోట్ల 10 లక్షలకి మించి పుట్టవు, ఏ ప్రభుత్వమూ అచ్చుకొట్టలేదు అని. దాని లెక్క నిలబడింది గానీ అది డబ్బు కాలేదు. రేపు పెరుగుతుందని దాచుకునే వస్తువైంది. ఒప్పుకోవాలి. ఈలోగా ప్రభుత్వాలే డిజిటల్ డబ్బు తెచ్చాయి. బహమాస్ 2020లో, నైజీరియా 2021లో. ఏ డబ్బు ఎవరు ఎప్పటిలోగా ఎక్కడ ఖర్చుపెట్టాలో డబ్బులోనే రాసిపెట్టే సత్తా ఉన్న సాధనం అది. ఇవాళ ఎవరూ అలా రాయకపోవచ్చు. మీ ముందు ఆ మీట ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో కెనడాలో కోవిడ్ ఆంక్షలని వ్యతిరేకించిన నిరసనకారుల బ్యాంకు ఖాతాలు అత్యవసర చట్టం కింద కోర్టు ఉత్తర్వు లేకుండానే స్తంభింపజేశారు. ఆ అత్యవసర ప్రకటన సమంజసం కాదని ఫెడరల్ కోర్టు చెప్పేసరికి 2024 జనవరి వచ్చింది. ఆ నిరసనకారులతో నాకు ఏకీభావం ఉందా లేదా అన్నది వేరే సంగతి. ఖాతా ఆగడానికి కొన్ని రోజులు చాలాయి, తీర్పుకి దాదాపు రెండేళ్లు పట్టింది. నోటు అనేది డబ్బులో ఉన్న కిటికీ. నార్వే 2024లో దుకాణాల్లో నోట్లతో చెల్లించే హక్కుని చట్టంలో గట్టిపరిచింది. అంటే నోటు వద్దన్న దుకాణదారుని బలవంతపెట్టే చట్టం. నా సిద్ధాంతం ప్రకారం నాకది నచ్చకూడదు. నచ్చింది. ఈ ఇరకాటాన్ని ఎలా విప్పుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.

మరైతే ఏం చెయ్యమంటావు అని అడగండి. చట్టానికి చావు రాయండి అంటాను.

ఈ ఊహ నాది కాదు. 1789 సెప్టెంబరు 6న పారిస్ నుంచి థామస్ జెఫర్సన్ తన స్నేహితుడు మాడిసన్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఇద్దరూ తర్వాత అమెరికా అధ్యక్షులైనవాళ్లే. భూమి బతికున్నవాళ్లది, పోయినవాళ్లకి దాని మీద అధికారం లేదన్నాడు. ఆ ముక్కతో ఆగలేదు. బుఫోన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వేసిన మరణాల పట్టికలు ముందేసుకుని, ఇవాళ ఉన్న పెద్దవాళ్లలో సగంమంది ఎన్నాళ్లకి పోతారో లెక్క కట్టాడు. 18 ఏళ్ల 8 నెలలు తేలింది. కాబట్టి ఏ చట్టమైనా, ఏ రాజ్యాంగమైనా 19 ఏళ్లకి తనంత తాను రద్దు కావాలి, ఆ పైన బతికితే అది బలవంతమే, హక్కు కాదు అన్నాడు. బతికున్నవాళ్ల హక్కుల గురించి ఇంత లెక్కగా రాసిన మనిషి, బతికున్న మనుషులనే ఆస్తిగా ఉంచుకున్నవాడు. అది తలచుకోకుండా ఆ ఉత్తరం చదవడం నాకు చేతకాదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో మాడిసన్ జవాబిచ్చాడు. గడువు దగ్గరపడిన ప్రతిసారీ ఆస్తులకి భరోసా పోతుంది, పెద్దలు చేసిన అప్పుల్లో కొన్ని పిల్లల మేలుకే కదా అని. గట్టి జవాబే. కానీ నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టేది మాడిసన్ కాదు, బ్రిటన్ ఆదాయపు పన్ను. ఫ్రాన్సుతో యుద్ధం కోసం 1799లో అప్పటి ప్రధాని పిట్ వేశాడు. మధ్యలో ఒకసారి ఆపి మళ్లీ వేశారు. 1816లో యుద్ధం అయిపోయాక రద్దు చేసి, జనం మళ్లీ ఆ పీడ మొహం చూడకూడదని లెక్కల కాగితాలు కూడా నాశనం చెయ్యమన్నారు. నకళ్లు మాత్రం ఇంకో ఆఫీసులో భద్రంగా ఉన్నాయి, అది ఆఫీసుల లక్షణం. 1842లో ప్రధాని పీల్ మూడేళ్లకని చెప్పి మళ్లీ తెచ్చాడు. ఇప్పటికీ చట్టం దృష్టిలో అది తాత్కాలికమే. ఏటా ఏప్రిల్ 5తో ఆయుష్షు తీరుతుంది, ఏటా పార్లమెంటు మళ్లీ ప్రాణం పోస్తుంది. అంటే గడువు రాసినంత మాత్రాన చట్టం చావదు. పొడిగింపు తద్దినంలా తయారవుతుంది, మంత్రం చదివినవాడికీ అర్థం తెలియదు.

అందుకే పొడిగింపు కష్టంగా ఉండాలి. వంద చట్టాలు మూటగట్టి ఒకే ఓటుతో బతికించడం కుదరకూడదు. ఒక్కొక్కటీ విడిగా రావాలి, ఇన్నేళ్లలో అది చేస్తానన్నది చేసిందా లేదా అన్న ప్రశ్నకి ఎవరో పేరు పెట్టుకుని జవాబు చెప్పాలి. హత్య చెయ్యకూడదన్న చట్టం కూడా చస్తుందా అని వెక్కిరించేవాళ్లుంటారు. దెబ్బతిన్న మనిషి ఎదురుగా కనబడే నేరాలకి గడువు అక్కర్లేదు. మనుషులని వాళ్ల మంచికోసం అడ్డుకునే చట్టాలకే అది కావాలి. ఇక కొత్త కాలానికి కొత్త కొలత కూడా ఒకటుండాలి: ఎంత గట్టిగా అమలవుతుందో అంత తక్కువ ఆయుష్షు. మనుషులు అమలుచేసే చట్టానికి జెఫర్సన్ లెక్కన 19 ఏళ్లు ఇవ్వండి. యంత్రం అమలుచేసేదానికి అయిదేళ్లు చాలు. దాన్ని తప్పించుకుని తప్పు పట్టి చూపించేవాళ్లు ఉండరు కాబట్టి, ఆ పని గడువే చెయ్యాలి.

నిజంగా చచ్చిన ఆఫీసు ఒకటి చూపించమంటే అమెరికా విమానయానాన్ని చూపిస్తాను. ఏ విమానం ఎక్కడికి ఎగరాలి, టికెట్టు ఎంత ఉండాలి అని 1938 నుంచి తీర్పులిస్తూ వచ్చిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు, నాలుగు దశాబ్దాలు ఒక్క కొత్త ప్రధాన సంస్థని కూడా ఆ మార్గాల్లోకి రానివ్వలేదు. 1977లో ఆల్ఫ్రెడ్ కాన్ అనే ఆర్థికవేత్త దానికి అధ్యక్షుడయ్యాడు, అయ్యి తన కుర్చీ కాళ్లు తనే కోశాడు. 1978 చట్టంలో బోర్డు చావు తేదీ రాశారు. 1985 జనవరి 1న అది మూతపడింది. విమానాల భద్రత చూసే సంస్థ వేరు, అది అలాగే ఉంది. ఏది చావాలో ఏది ఉండాలో విడదీయడం అసాధ్యమేమీ కాదన్నమాట.

నా వాదానికి అడ్డుతగిలేది ఇంకొకటుంది, దాచను. స్విట్జర్లాండ్ కొండల్లో టోర్బెల్ అనే ఊళ్లో 1517 నాటి ఒక నియమం ఉంది. చలికాలమంతా తన మేతతో ఎన్ని ఆవుల్ని సాకగలడో అంతకు మించి ఎవడూ వేసవిలో ఉమ్మడి బీడుకి తోలకూడదు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఎలినోర్ ఆస్ట్రమ్, ఉమ్మడి సొత్తుని సర్కారూ సొంతదారూ లేకుండా జనమే కాపాడుకోగలరని చూపడానికి ఈ ఊరినే ఒక ఉదాహరణగా తీసుకుంది. వందల ఏళ్లు నిలిచిన నియమం. దానికి గడువు పెట్టి చంపమంటానా? అనను. ఆవులున్నవాళ్లే ఆ నియమం రాశారు, వాళ్లే కాపలా కాశారు, నచ్చకపోతే వాళ్లే సమావేశమై మార్చుకోగలరు. మీరు మీ సభలో రాసేవి అలాంటివి కావు. మీకు ఆవుల్లేవు.

మావాళ్ల సంగతీ చెప్పకపోతే అన్యాయమవుతుంది. చట్టాలు మార్చడం కంటే లేచిపోవడం తేలికని మాలో చాలామంది అనుకుంటారు. 1972లో కొందరు పసిఫిక్ సముద్రంలో నీళ్లలో మునిగితేలే మినర్వా పగడపు దిబ్బల మీద ఇసుక పోసి, జెండా పాతి, పన్నుల్లేని దేశమని ప్రకటించారు. కొన్ని నెలలకే టోంగా రాజు వచ్చి ఆ జెండా దింపించాడు. ఆ కథ మా సమావేశాల్లో విషాదంగా చెప్తారు గానీ నాకెప్పుడూ నవ్వే వస్తుంది. కంపెనీల విషయంలోనూ మావాళ్లకి కన్ను కాస్త మసక. కంపెనీ జైల్లో పెట్టలేదు, నచ్చకపోతే మానెయ్యొచ్చు అంటారు. మానెయ్యగలిగినంతవరకు నిజమే. ఒకే గుర్తింపు, ఒకే చెల్లింపు దారి, ఒకే తలుపు అయ్యాక, ఆ తలుపు మీద ఎవరి బోర్డున్నా అది ప్రభుత్వమే. చాలాసార్లు ఆ ఒకే తలుపు మీ ముందువాళ్లు లైసెన్సుల పేరుతో మిగతా తలుపులు మూసినందువల్ల మిగిలిందే, అది వేరే ఉత్తరం.

చివరగా ఒక చిన్న కోరిక, దీనికి సిద్ధాంతాల అవసరం కూడా లేదు. యంత్రం కాదన్న ప్రతిచోటా, అవుననే అధికారం ఉన్న మనిషి ఒకరు ఉండాలని చట్టంలో రాయండి. ఎందుకు అవునన్నాడో ఒక వాక్యం రాసి, పేరు పెట్టి, సంతకం చెయ్యాలి. లంచం తీసుకుంటే ఆ పేరే పట్టిస్తుంది. మంచి చేస్తే ఆ వాక్యాలన్నీ పోగేసి చదువుకోండి, మీ చట్టంలో ఏం తప్పుందో అందులోనే ఉంటుంది. ఆ ముద్ర కొట్టిన గుమస్తా ఇప్పుడెక్కడున్నాడో తెలియదు, పదవీ విరమణ చేసి ఉంటాడు. నా దరఖాస్తు మాత్రం "పరిశీలనలో ఉంది" అని చూపిస్తోంది.

ఇట్లు,
రెండు పత్రాల్లో రెండు పేర్లున్న ఒక లిబర్టేరియన్